పెట్టలని కొంటే పుంజులు



మా ఊరు హోసూరు ప్రాంతంలో ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం, సంతలో బేరం చాలాసార్లు కన్నడం. సరిహద్దు ఊళ్ళలో పుట్టి పెరిగిన మీకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మనం పుంజు అనేదాన్ని తమిళులు సేవల్ అంటారు, కన్నడిగులు హుంజ అంటారు. మన పెట్ట వాళ్ళకు పెట్టై, వీళ్ళకు హేంటె. మా అమ్మ ఒకసారి సంతలో ఒక గంప ముందు కూర్చుని ఈ మూడు భాషల్లోనూ అడిగింది, "ఏమప్పా, ఇవన్నీ పెట్టలేనా?" అని. మూడు భాషల్లోనూ ఒకటే జవాబు వచ్చింది. "అన్నీ పెట్టలే అక్కా! ఆర్నెల్లు మేపు, గుడ్లు ఏరుకోలేక నువ్వే అలసిపోతావు."

ఇది 1970ల నాటి మాట. గుడ్లు అమ్మిన డబ్బు మా అమ్మ సొంతం. పొలం మీద వచ్చేదానికి మా నాయన లెక్క చెప్పేవాడు గానీ, గుడ్ల డబ్బు గురించి అడిగేవాడు కాదు. ఆ డబ్బు పోపుల డబ్బాలో జీలకర్ర కింద ఉండేది. మా నోటుపుస్తకాలు, మా చెల్లెలి రిబ్బన్లు, పండక్కి అత్తరు సీసా అన్నీ అందులోంచే. ఆ డబ్బా మొత్తం ఖాళీ చేసి ఆమె ఆరు వారాల పిల్లలు ఎనిమిది కొన్నది.

నాలుగో నెలలో ఒక తెల్లవారుజామున గూటిలోంచి బొంగురు గొంతుతో ఒక అరుపు వినిపించింది. గొంతులో ఏదో ఇరుక్కున్నదేమో అనుకుని మా అమ్మ దీపం పట్టుకుని వెళ్ళింది. ఏమీ ఇరుక్కోలేదు. అది కూత నేర్చుకుంటున్నది! వారం తిరిగేసరికి రెండోది మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి లెక్క తేలింది. ఎనిమిదింటిలో ఐదు పుంజులు, మూడు పెట్టలు.

అమ్మ ఒక పుంజును బుట్టలో పెట్టుకుని మూడు మైళ్ళు నడిచి సంతకు పోయి ఆ మనిషిని నిలేసింది. అతను నిదానంగా అన్నాడట, "అక్కా, నేనేమన్నా కోడి కడుపులో దూరి చూసి వచ్చినానా?" అని.

శ్రోతలారా, ఆ మాట నాకు చాలా ఏళ్ళు గుర్తుండిపోయింది. అది మోసగాడి తప్పించుకోలు మాటా, లేక నిజంగా తెలియని మనిషి మాటా? పుట్టిన పిల్ల పెట్టో పుంజో మనిషి ముందుగా తెలుసుకోగలడా? అసలు పుంజు పుడితే ఇంటికి నష్టం అని మనం ఎప్పటి నుంచి అనుకుంటున్నాం? ఈ ప్రశ్నల వెనక రెండు వేల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఈనాటి ప్రసంగంలో ఆ చరిత్రను మీతో కలిసి ఒకసారి నెమరువేస్తాను.

ముందు లెక్క సంగతి చూద్దాం. కోడి పొదిగిన గుడ్లలో సుమారు సగం పెట్టలు, సగం పుంజులు అవుతాయి. రూపాయి బిళ్ళ ఎగరేస్తే బొమ్మా బొరుసూ పడ్డట్టే. ఏరకుండా తీసిన ఎనిమిది పిల్లలూ పెట్టలే కావాలంటే 256 సార్లకు ఒకసారి జరుగుతుంది. మరి ఐదుగానీ అంతకన్నా ఎక్కువగానీ పుంజులు వచ్చే అవకాశమెంత? 256 సార్లలో 93 సార్లు. అంటే మూడింట ఒక వంతుకు పైనే. కాబట్టి ఆ అమ్మినవాడు ఏ మోసం చేయకపోయినా మా అమ్మకు అలాగే జరిగి ఉండవచ్చు. అయితే ఇంకొక సంగతి కూడా ఉంది. ఇంటి కోడి పిల్లల్లో పెట్ట అని ఆనవాలు కట్టినదాన్ని ఇల్లాలు అట్టిపెట్టుకుంటుంది, అనుమానం ఉన్నదాన్ని సంతకు పంపుతుంది. సంతకు వచ్చే గంపలో పుంజుల వాటా సగానికి మించడానికి ఇదొక కారణం. అందుచేత అతన్ని దొంగ అని గానీ, దొర అని గానీ నేను తీర్పు చెప్పలేను.

పిల్ల పుట్టకముందే దాని జాతకం చెప్పాలన్న కోరిక మాత్రం చాలా పాతది. కోలగా, మొన తేలి ఉన్న గుడ్డులోంచి పుంజు వస్తుందనీ, గుండ్రని గుడ్డులోంచి పెట్ట వస్తుందనీ మా అవ్వ నమ్మేది. పొదుగుకు పెట్టేముందు ప్రతి గుడ్డునూ అరచేతిలో దొర్లించి చూసేది. ఇది మా అవ్వ ఒక్కదాని నమ్మకం కాదు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోము దేశంలో వ్యవసాయం గురించి పెద్ద గ్రంథం రాసిన కొలుమెల్లా సరిగ్గా ఇదే మాట చెప్పాడు. తమాషా ఏమిటంటే, ఆయనకు దాదాపు 400 ఏళ్ళ ముందు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ జంతువుల గురించి రాస్తూ దీన్ని తలకిందులుగా చెప్పాడు. మొన తేలిన గుడ్డు పెట్ట అనీ, గుండ్రంగా ఉన్నది పుంజు అనీ. ఇద్దరు మహానుభావులు, ఒకే గుడ్డు, రెండు జోస్యాలు! నిజానికి గుడ్డు ఆకారానికీ లోపలి పిల్లకూ ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి గుడ్డు ఆకారం తీసుకోకముందే తేలిపోయి ఉంటుంది.

ఎలా తేలుతుందో చెప్తాను. మనుషుల్లో బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే బీజకణం. ఈ సంగతి తెలియక ఆడపిల్లలు పుట్టారని కోడళ్ళను రాచిరంపాన పెట్టిన ఇళ్ళు మనందరికీ తెలుసు. కోళ్ళలో వ్యవహారం వేరు. పుంజులో జడ్ అనే ఒకే రకం క్రోమోజోములు రెండు ఉంటాయి. పెట్టలో ఒక జడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. తల్లి తన జడ్ ఇస్తే పుంజు, డబ్ల్యూ ఇస్తే పెట్ట. కాబట్టి కోళ్ళలో తేల్చేది తల్లి. అయితే అది ఆమె ఇష్టం మీద జరిగేది కాదు. పొదుగు వేడి పెంచినా తగ్గించినా, మేత మార్చినా, మంచి వారం చూసి పొదగబెట్టినా ఒక్క పుంజు పెట్టగా మారదు.

మరి పుంజు పుడితే పూర్వం మనవాళ్ళు అయ్యో అనుకున్నారా? మన చరిత్ర చూస్తే అలా కనిపించదు. పల్నాటి వీరుల కథ మీకందరికీ తెలిసిందే. 12వ శతాబ్దపు ఆ కథలో నాయకురాలు నాగమ్మ పక్షానికీ బ్రహ్మనాయుడి పక్షానికీ కోడిపందెం జరుగుతుంది. ఓడిన మాచర్లవారు ఏడేళ్ళు ఊరు విడిచిపోవలసి వస్తుంది. ఒక రాజ్యం తలరాత పుంజు కాలి మీద ఆడిందని మన జనం వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు. యానాం చుట్టుపక్కల గోదావరి సీమలో పుంజును ఈక రంగును బట్టి డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ, పింగళ అని పేర్లు పెట్టి పిలుస్తారు. ఏ రోజు ఏ రంగు పుంజు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం కూడా ఉంది. పందేలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. వాటిని నేను మెచ్చుకోవడం లేదు. పుంజుకు మనవాళ్ళు ఇచ్చిన విలువ మాత్రం చూడండి. తమిళనాట మురుగన్ స్వామి జెండా మీద ఉన్నది పుంజే. తుళు సీమలో కోడిపందేన్ని కోరి కట్ట అంటారు. మన ఊళ్ళలో గంగమ్మ జాతరకు కావలసింది పుంజు, అల్లుడు వస్తే కోసేది పుంజు, గడియారం లేని ఇంట్లో రైతును నిద్ర లేపేది పుంజు. పెట్ట రోజూ ఒకటో రెండో పైసలు తెచ్చేది. పుంజు ఒక్కసారే అయినా నిండుగా తెచ్చేది. ఇంటి కోడి పది పన్నెండు గుడ్లు పొదిగేది, అందులో ఐదారు పుంజులు వస్తే వాటికి ఏదో ఒక పని ఉండేది.

పరిస్థితి మారింది పొదుగు పని కోడి రెక్కల కింద నుంచి యంత్రంలోకి పోయినప్పుడు. 19వ శతాబ్దం చివరకు అమెరికాలో వందలూ వేలూ గుడ్లను ఒకేసారి పొదిగే యంత్రాలు వచ్చాయి. అప్పుడే పుట్టిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన మీద రెండు మూడు రోజులు మేత, నీళ్ళు లేకుండా బతకగలదు. ఆ ధైర్యంతోనే 1918లో అమెరికా తపాలా శాఖ ఒక రోజు పిల్లలను అట్టపెట్టెల్లో పార్సిలుగా పంపడానికి ఒప్పుకున్నది. వందల మైళ్ళ దూరం నుంచి రైతు వంద పిల్లలు తెప్పించుకునేవాడు. వాటిలో యాభై పుంజులని తెలిసేసరికి రెండు నెలల మేత ఖర్చయిపోయేది. మా అమ్మ సంతలో పడ్డ బాధ అక్కడ వేల ఇళ్ళలో ఒకేసారి పడ్డారన్నమాట.

ఈ చిక్కును విప్పినవారిలో మొదట చెప్పవలసిన పేరు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి శాస్త్రవేత్త రెజినాల్డ్ పన్నెట్. కాలేజీలో జీవశాస్త్రం చదివే మీ పిల్లలను అడగండి, పన్నెట్ చదరం అంటే చెప్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 నుంచి 1918 దాకా, ఇంగ్లండులో తిండిగింజలకు కరువు వచ్చింది. మనుషులకే చాలని గింజలు గుడ్డు పెట్టని పుంజులకు ఎందుకు పోయాలి అన్న ప్రశ్న పుట్టింది. పన్నెట్ ఒక ఉపాయం చెప్పాడు. కోళ్ళలో కొన్ని రంగులు ఆ జడ్ క్రోమోజోము వెంట నడుస్తాయి. ఎర్ర రంగు రోడ్ ఐలండ్ రెడ్ పుంజును, తెల్ల రంగు లైట్ ససెక్స్ పెట్టతో జత కట్టండి. పుట్టిన పిల్లల్లో లేత పసుపుగా ఉన్నవి పుంజులు, ఎర్రమట్టి రంగులో ఉన్నవి పెట్టలు. గుర్తు పెట్టుకోవడం తేలిక. తల్లి రంగు కొడుక్కి, తండ్రి రంగు కూతురికి. పుట్టిన రోజునే చంటిపిల్లాడు కూడా ఏరగలడు. అయితే ఇది ఆ ఒక్క తరానికే పనిచేస్తుంది. ఆ పిల్లలనే పెంచి వాటిలో వాటికే జత కడితే తర్వాతి తరంలో ఆ ఆనవాలు చెదిరిపోతుంది. ఆ లోటు తీర్చడానికి పన్నెట్, ఆయన సహచరుడు మైకేల్ పీజ్ కలిసి తరతరానికీ పిల్ల రంగులోనే ఆడా మగా తెలిసే కాంబార్ అనే కొత్త జాతిని తయారుచేశారు.

రెండో మార్గం జపాను నుంచి వచ్చింది. 1920లలో కియోషి మసుయి అనే ఆచార్యుడూ ఆయన సహచరులూ ఒక రోజు పిల్ల మలద్వారం లోపల ఆవగింజలో సగం కూడా లేని ఒక చిన్న బొడిపెను గమనించారు. పుంజు పిల్లలో అది గట్టిగా, గుండ్రంగా ఉంటుంది. పెట్ట పిల్లలో ఉండదు, ఉన్నా అణగిపోయి ఉంటుంది. 1927లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన ప్రపంచ కోళ్ళ మహాసభలో ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. 1930లలో జపాను నిపుణులను కెనడా, అమెరికా, ఇంగ్లండు దేశాలు పిలిపించుకున్నాయి. నిపుణుడు ఒక చేత్తో పిల్లను పట్టి, బొటనవేలితో మెల్లగా నొక్కి, దీపం వెలుగులో చూసి, కన్నుమూసి తెరిచేలోగా ఈ డబ్బాలోకో ఆ డబ్బాలోకో వేస్తాడు. చేయి తిరిగినవాడు గంటకు ఎనిమిది వందల నుంచి వెయ్యి పిల్లల దాకా ఏరతాడు. నూటికి తొంభై ఐదుకు పైగా సరిగ్గా చెప్తాడు. ఇది పుస్తకం చదివి వచ్చే విద్య కాదు. గురువు పక్కన కూర్చుని వేల పిల్లలను చూడగా చూడగా చేతికి వస్తుంది. ఎలా కనుక్కున్నావు అని అడిగితే చాలామంది నిపుణులు మాటల్లో చెప్పలేరు.

మూడో మార్గం రెక్క ఈకలు. కొన్ని జాతులను తగినట్టుగా జత కడితే పుట్టిన రోజున పెట్ట పిల్లలో పెద్ద ఈకలు పొడవుగా, పై ఈకలు పొట్టిగా ఉంటాయి. పుంజు పిల్లలో రెండూ సమానంగా ఉంటాయి. రెక్కను విసనకర్రలా విప్పి చూస్తే చాలు. అయితే అలా జత కట్టినవాటిలోనే ఈ గుర్తు పనికివస్తుంది. మన ఇంటి నాటుకోడి పిల్ల రెక్క విప్పి చూసి తీర్పు చెప్తే తప్పవచ్చు.

ఇక్కడిదాకా విన్న మీకు ఇదంతా మనిషి తెలివి సాధించిన విజయంగా అనిపిస్తుంది. నిజమే. పెట్టలని కొన్నవాడికి పెట్టలే దొరికే రోజు వచ్చింది. కానీ రెండో డబ్బాలో పడ్డ పుంజు పిల్లలు ఏమయ్యాయి?

దీనికి జవాబు చెప్పాలంటే మన దేశపు పుంజు గురించే ఒక మాట చెప్పాలి. మన పందెం కోడి అసలు జాతి పేరు అసీల్. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమవాళ్ళు మన అసీల్ కోళ్ళను తీసుకుపోయి, వేరే జాతులతో కలిపి ఒక కొత్త కోడిని తయారుచేశారు. దానికి ఇండియన్ గేమ్ అని పేరు పెట్టారు. అమెరికాలో దాన్నే కార్నిష్ అంటారు. పందేనికి పెద్దగా పనికిరాలేదు గానీ దాని ఛాతీ నిండా మాంసమే. 1948లో అమెరికాలో రేపటి కోడి అనే పేరుతో మాంసపు కోళ్ళకు దేశవ్యాప్తంగా పోటీ పెట్టారు. గెలిచింది కార్నిష్ రక్తం కలిసిన సంకరజాతి. ఈనాడు మీరు అంగట్లో కొనే బ్రాయిలర్ కోడిలో ఆ కార్నిష్ వారసత్వం ఉంది. అంటే మన పందెం పుంజు ముని మనవళ్ళు అన్నమాట!

అప్పటి నుంచి కోడి జాతి రెండుగా చీలిపోయింది. మాంసానికి ఒక జాతి, గుడ్డుకు ఒక జాతి. మాంసపు జాతిలో ఆడా మగా రెండూ ఆరు వారాలకే రెండు కిలోలు తూగుతాయి, అక్కడ పుంజు బెంగ లేదు. గుడ్డు జాతి పెట్ట ఏడాదికి మూడు వందల దాకా గుడ్లు పెడుతుంది. కానీ దాని తోడబుట్టిన పుంజు గుడ్డు పెట్టదు, కండా పట్టదు. ఎంత మేపినా ఎముకలే. దానికి మేత పోస్తే పోసిన డబ్బు కూడా తిరిగిరాదు. చరిత్రలో మొదటిసారి పుంజు పూర్తిగా అక్కరలేనిది అయింది ఇక్కడే. అందువల్ల గుడ్డు జాతి పిల్లలు తీసే చోట పెట్టలను ఏరి, పుంజు పిల్లలను పుట్టిన రోజునే చంపేయడం ప్రపంచమంతటా ఆనవాయితీ అయింది.

మన ప్రాంతాలు ఈ చరిత్రకు దూరంగా లేవు. రెండో పంచవర్ష ప్రణాళిక చివరిలో బెంగళూరు, బొంబాయి, భువనేశ్వర్ వంటి చోట్ల ప్రభుత్వ కోళ్ళ క్షేత్రాలు వెలిశాయి. తెల్ల లెగ్‌హార్న్ కోడి పల్లెలకు వచ్చింది. 1982లో గుడ్ల రైతులంతా కలిసి ధర తామే చెప్పుకోవడానికి జాతీయ గుడ్ల సమన్వయ సంఘం పెట్టుకున్నారు. దానికి మూలపురుషుడు డాక్టర్ బి.వి. రావు తెలుగువారే. నామక్కల్, హైదరాబాదు, గోదావరి జిల్లాల్లో లక్షల కోళ్ళ షెడ్లు లేచాయి. బడిపిల్లల కంచంలో గుడ్డు చేరిందంటే ఆ రైతుల కష్టమే, అది చిన్న మేలు కాదు. కానీ ఆ గుడ్డు వెనక ఒక్కొక్క పెట్టకు ఒక్కొక్క పుంజు పిల్ల లెక్కన మాయమవుతూనే ఉంది. చంపగా మిగిలినవాటికి గులాబి, ఆకుపచ్చ, నీలం రంగులు అద్ది బస్టాండుల దగ్గర, తిరునాళ్ళలో పిల్లలకు అమ్ముతారు. మీరు చూసే ఉంటారు. మా అమ్మాయి చిన్నప్పుడు నేనూ ఒక గులాబి రంగు పిల్లను కొనిచ్చాను. మూడో రోజు పొద్దున అది అట్టపెట్టెలో కాళ్ళు చాచుకుని ఉంది. పెరిగితే గుడ్లు పెడుతుందని మా అమ్మాయితో చెప్పి ఉన్నాను. అది గుడ్డు పెట్టే జన్మే కాదని నాకు అప్పటికి తెలియదు. సంతలో మా అమ్మకు చెప్పిన అబద్ధాన్నే తెలియకుండా నేను నా బిడ్డకు చెప్పాను.

ఈ పద్ధతి తప్పని అనుకున్న దేశాలు ఉన్నాయి. జర్మనీలో ఏడాదికి దాదాపు 4 కోట్ల 50 లక్షల పుంజు పిల్లలను ఇలా చంపేవారు. 2022 జనవరి 1 నుంచి అక్కడ దాన్ని చట్టంతో ఆపారు. ఫ్రాన్సు కూడా అదే దారి పట్టింది. మరి వాళ్ళేం చేస్తున్నారు? పొదుగులో ఉండగానే గుడ్డుకు సూది మొనంత కన్నం చేసి, ఒక చుక్క ద్రవం తీసి పరీక్ష చేస్తున్నారు. పుంజు అయితే ఆ గుడ్డును పొదుగు నుంచి తీసేస్తారు. ఇలా ఏరిన కోళ్ళ గుడ్లు 2018లో బెర్లిన్ అంగళ్ళలో మొదటిసారి అమ్మకానికి వచ్చాయి. మా అవ్వ అరచేతిలో గుడ్డును దొర్లించి తెలుసుకోవాలనుకున్నది వాళ్ళు యంత్రంతో తెలుసుకుంటున్నారు. దీనికి ఖర్చు ఎక్కువ.

పల్లెటూరి ఇంటికి తగిన జవాబు ఇంకొకటి ఉంది, అది మన దగ్గరే తయారైంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు గిరిరాజ కోడిని తెచ్చారు. హైదరాబాదులో 1988లో ఏర్పడిన కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ అనే రకాలను ఇచ్చింది. గిరిరాజ, వనరాజ రెండూ గుడ్డుకూ మాంసానికీ పనికివస్తాయి. షెడ్డు కోడి అంత గుడ్లు పెట్టవు గానీ, పెరట్లో తిరిగి పురుగూ పుట్రా ఏరుకు తింటాయి. వాటిలో పుంజు పుడితే గుండె మీద చెయ్యి వేసుకోనక్కరలేదు. నాలుగు నెలలకు కండపట్టి మంచి ధర తెస్తుంది. పాత పద్ధతిలో పుంజుకు ఉన్న విలువను ఇవి మళ్ళీ ఇంటికి తెచ్చాయి.

ఇప్పుడు కోడిపిల్లలు కొనబోయే అమ్మలకు, అక్కలకు నాలుగు మాటలు. ఒక రోజు పిల్లలు కొంటే ఏరినవా, ఏరనివా అని అడగండి. ఏరనివైతే సగం పుంజులు వస్తాయని మనసులో ముందే రాసుకోండి, ఆ లెక్కకు తగ్గ ధరే ఇవ్వండి. నాటుకోడి పిల్లలైతే ఆరు వారాల లోపు ఎవరు చెప్పినా అది ఊహే. ఎనిమిది వారాలు దాటినవాటిని కొనండి, ఒకే వయసువాటిని పక్కపక్కన పెట్టి చూడండి. తల మీద జుట్టు పెద్దదై ఎర్రబారినది, గడ్డం కింద తమ్మెలు కనిపించేది, కాళ్ళు లావుగా ఉండి నిటారుగా నిలబడేది పుంజు. మూడు నెలలకు మెడ మీదా నడుము మీదా ఈకలు చూడండి. మొన తేలి నిగనిగలాడితే పుంజు, కొస గుండ్రంగా ఉంటే పెట్ట. నాలుగు నెలలవాటికి ధర ఎక్కువ ఇవ్వవలసి వస్తుంది. కానీ అప్పుడు మీరు కొనేది పెట్టను, అమ్మేవాడి మాటను కాదు.

మా అమ్మ ఐదు పుంజుల సంగతి చెప్పి ముగిస్తాను. ఒకటి గంగమ్మ జాతరకు పోయింది. ఒకటి మా మేనత్త కుటుంబం వచ్చిన రోజున కూర అయింది. రెండింటిని ఉగాది ముందు సంతలో అమ్మితే, ఎనిమిది పిల్లలకు పెట్టిన డబ్బు దాదాపు తిరిగి వచ్చింది. కానీ ఉగాది మార్చి నెలలో, బడి తెరిచింది అంతకు ముందు జూన్ నెలలో. గుడ్లు లేక, డబ్బా నిండక ఆ ఏడు నా లెక్కల పుస్తకం అరపరీక్షల తర్వాత వచ్చింది. ఆ నష్టాన్ని అమ్మ ఎప్పుడూ మాటల్లో పెట్టలేదు. సంత దారిలో ఆ గంప కనిపిస్తే మాత్రం ముఖం తిప్పుకునేది.

ఐదోదాన్ని ఎవరికీ ఇవ్వలేదు. మొదట బొంగురుగా కూసింది అదే. నాలుగేళ్ళు మా ఇంటిని తెల్లవారుజామున నిద్ర లేపింది. ఆ కూతకు లేచే నేను పదో తరగతి పరీక్షలకు చదువుకున్నాను.

అడగకుండా వచ్చిన ఆ ఐదింటికీ మా ఇంట్లో ఏదో ఒక పని దొరికింది. పుంజు అక్కరలేనిదిగా పుట్టలేదు. మన లెక్కలు దాన్ని అలా చేశాయి. లెక్క మనం వేసిందే కాబట్టి దాన్ని దిద్దుకునేదీ మనమే. ఈసారి గుడ్డు పగలగొట్టేటప్పుడు, పెరట్లోకి నాలుగు పిల్లలు కొనేటప్పుడు ఈ మాట ఒక్కసారి తలుచుకోండి.